కొండదారి సైకిల్ యాత్ర: చదునైన నేల మీద ఉండేవారు ఐదు నెలల్లో ఎలా సిద్ధపడాలి?

సమతలవాసి:
అందరికీ నమస్కారం. ఔత్సాహికుల కోసం నిర్వహించే ఒక కొండదారి సైకిల్ యాత్రకు పేరు నమోదు చేసుకున్నాను. దానికి ఇంకా ఐదు నెలల గడువు ఉంది. మొత్తం దూరం 150 కిలోమీటర్లు. దారిలో మూడు పెద్ద ఎక్కుళ్లు, అన్నీ కలిపితే 3,500 మీటర్ల ఎత్తు. పన్నెండు గంటల్లో పూర్తి చేయలేనివారిని వెనకాల వచ్చే బండి ఎక్కించుకుంటుందని నిబంధనల్లో రాశారు. నేను ఉండేచోట ఎటు చూసినా చదునైన నేలే. నేను రోజూ తొక్కే దారిలో అన్నిటికంటే ఎత్తైనది ఒక రైలు వంతెన. చదునులో 120 కిలోమీటర్లు తొక్కిన అనుభవం ఉంది గాని, కొండ ఎక్కిన అనుభవం లేదు. నా బరువు 74 కిలోలు. సైకిలు, నీళ్ల సీసాలు, బట్టలు, బూట్లు కలిపి మరో 11 కిలోలు. సుమారు గంటసేపు నిలబెట్టగలిగే గరిష్ఠ శక్తి, అంటే ఎఫ్‌టీపీ, 200 వాట్ల దగ్గర ఉంది. సైకిలుకు ముందు 50, 34 పళ్ల చైన్‌రింగులు (పెడళ్ల దగ్గరి పళ్ల చక్రాలు), వెనక 11–28 పళ్ల క్యాసెట్ (వెనక పళ్ల చక్రాల కట్ట) ఉన్నాయి. తేలికైన చక్రాలు కొనుక్కోమని మిత్రులు సలహా ఇస్తున్నారు. అసలు ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పగలరా?

తేలికపాటి:
మీ మిత్రులు చెప్పినది నిజమే. కొండ మీద మనం పోరాడేది గురుత్వాకర్షణతోనే కాబట్టి ప్రతి గ్రామూ లెక్కలోకి వస్తుంది. చక్రాలు మార్చండి, సీటు గొట్టం కార్బన్‌ది వేయించండి, పనిముట్ల సంచిని సగం చేయండి. ఒక కిలో తగ్గినా తేడా కాళ్లకు తెలుస్తుంది.

గేరు లెక్క:
సమతలవాసి గారూ, డబ్బు ఖర్చు పెట్టేముందు ఒకసారి కాగితం, కలం తీసుకుని కూర్చోండి. మీరు ఇచ్చిన అంకెలతోనే లెక్క వేసి చూపిస్తాను.

మూడు ఎక్కుళ్లూ కలిసి ఐదారు గంటలు పడతాయి కనుక, అంతసేపు మీరు ఎఫ్‌టీపీకి దగ్గరగా తొక్కలేరు. 75 శాతం, అంటే 150 వాట్లు అనుకుందాం. నెమ్మదిగా ఎక్కుతున్నప్పుడు టైర్ల రాపిడి, గాలి, చైను నష్టం కలిపి సుమారు 16 వాట్లు పోతాయి. మిగిలిన 134 వాట్లతో 85 కిలోల బరువును పైకి లాగితే గంటకు దాదాపు 580 మీటర్ల ఎత్తు వస్తుంది. 8 శాతం వాలు మీద అది గంటకు 7.2 కిలోమీటర్ల వేగం. ఇప్పుడు మీ అతి చిన్న గేరు చూడండి. ముందు 34, వెనక 28 అంటే పెడలు ఒక చుట్టు తిరిగితే సైకిలు సుమారు 2.55 మీటర్లు ముందుకు వెళుతుంది. ఆ వేగానికి మీ పెడళ్లు నిమిషానికి 47 చుట్లు మాత్రమే తిరుగుతాయి. అది తొక్కడం కాదు, ప్రతి చుట్టుకూ మెట్టెక్కినంత పని.

అలా కాదు, నాకు అలవాటైన 70 చుట్లతోనే తొక్కుతాను అంటారా, అప్పుడు వేగం 10.7 కిలోమీటర్లకు చేరుతుంది, దానికి కావలసిన శక్తి 220 వాట్ల చుట్టూ ఉంటుంది. అంటే 8 శాతం వాలు కనిపించిన ప్రతిచోటా మీరు మీ ఎఫ్‌టీపీని దాటి తొక్కవలసి వస్తుంది. అలా మొదటి కొండను దాటవచ్చు. మూడో కొండను దాటడం అసాధ్యం.

వెనక 11–34 క్యాసెట్ వేస్తే అదే 150 వాట్లకు 57 చుట్లు వస్తాయి. ముందు కూడా 46–30కి మారితే 65 చుట్లు. క్యాసెట్ మార్పుకు అయ్యే ఖర్చు తేలికైన చక్రాల ధరలో చిన్న భాగం. ఇక ఒక కిలో బరువు తగ్గితే ఏమవుతుందంటే, మొత్తం 85లో అది 1.2 శాతం కాబట్టి ఆరు గంటల ఎక్కుడులో నాలుగు నిమిషాలు కలిసివస్తాయి. నాలుగు నిమిషాలు చిన్నవి కావు గాని, మోకాళ్లను కాపాడేవి మాత్రం వెనక ఉన్న ఆ ఆరు పళ్లే.

తేలికపాటి:
లెక్కను కాదనలేను. అయితే సైకిలు బరువు సంగతి పక్కన పెట్టినా, ఐదు నెలల్లో శరీర బరువు మూడు కిలోలు తగ్గితే పన్నెండు నిమిషాలు వస్తాయి కదా. అది ఖర్చు లేని మార్పు.

నిదానం:
ఖర్చు లేదని అనుకోవడమే పొరపాటు, తేలికపాటి గారూ. కఠినమైన సాధన చేసే నెలల్లోనే తిండి తగ్గిస్తే ముందు పోయేది బలమే. తగ్గవలసినవారు మొదటి రెండు నెలల్లో నెమ్మదిగా తగ్గడం మంచిది. చివరి ఎనిమిది వారాల్లో ఆ ఆలోచన పెట్టుకోకూడదని నా అభిప్రాయం.

గేర్ల గురించి చెప్పిన ప్రతి మాటా నిజం. నేను చెప్పదలచుకున్నది ఆ గేరును ఎప్పుడు వాడాలన్న విషయం. ఇలాంటి యాత్రలు పదకొండు చేశాను, వాటిలో మొదటిది చేతులారా పాడు చేసుకున్నాను. తెల్లవారుజామున చల్లగా ఉంది, చుట్టూ వందల మంది ఉన్నారు, కాళ్లు వారం రోజులు విశ్రాంతి తీసుకుని ఉరకలు వేస్తున్నాయి. ఒక్కొక్కరు నన్ను దాటి వెళుతుంటే పౌరుషం వచ్చి వారి వెనకే పట్టుకుని వెళ్లాను. మొదటి కొండ శిఖరం మీద గడియారం చూసుకుని, అనుకున్నదానికంటే పదకొండు నిమిషాలు ముందున్నానని మురిసిపోయాను. మూడో కొండ సగంలో రెండు తొడలూ ఒకేసారి పట్టేశాయి. బూటును పెడలు నుంచి విడిపించుకోవడానికి మడమ తిప్పాలి. అలా తిప్పితే పిక్క కూడా పట్టేస్తోంది. చివరికి సైకిలుతో సహా రోడ్డు పక్క రక్షణ గోడకు ఆనుకుని, ఒక చేత్తో ఆ గోడను, మరో చేత్తో తొడను పట్టుకుని, ఎవరైనా వచ్చి బూటు లాగుతారేమోనని చూస్తూ నిలబడ్డాను. పొద్దున సంపాదించిన పదకొండు నిమిషాలకు సాయంత్రం గంటన్నర చెల్లించాను. ఆరంభశూరత్వం అన్న మాటకు అర్థం నాకు ఆ గోడ దగ్గరే తెలిసింది.

అప్పటి నుంచి నేను పాటించే నియమం ఒక్కటే. మొదటి కొండ మీద నా వేగం నాకే సిగ్గు అనిపించేంత తక్కువగా ఉండాలి. పక్కన తొక్కుతున్నవారితో పూర్తి వాక్యాల్లో మాట్లాడగలగాలి. మీ విషయంలో అది 150 వాట్లు, చివరి కొండ మీద ఇంకా మిగిలి ఉంటే అప్పుడు 165. వాట్లు కొలిచే మీటరు లేకపోతే గుండె వేగాన్ని నమ్మవచ్చు గాని, ఎండ పెరిగేకొద్దీ, ఒంట్లో నీరు తగ్గేకొద్దీ అదే శ్రమకు గుండె వేగం పైకి జరుగుతుందని గుర్తుంచుకోవాలి.

దారి పటం చదివేటప్పుడు సగటు వాలును అసలు నమ్మకండి. ఫ్రాన్స్‌లో 1982 నుంచి జరుగుతున్న లా మర్మోత్ అనే సైకిల్ యాత్రనే తీసుకోండి. దాదాపు 175 కిలోమీటర్లు, 5,000 మీటర్ల ఎక్కుడు. అందులో మొదటి కనుమ గ్లాండన్ సగటు వాలు కాగితం మీద 5 శాతానికి అటూ ఇటూగా కనిపిస్తుంది. మధ్యలో దిగుళ్లు ఉన్నాయి కాబట్టి సగటు అలా తగ్గింది. మిగిలినచోట్ల 10 శాతం దాటిన ముక్కలు ఎదురవుతాయి. అదే యాత్రలో చివరిదైన ఆల్ప్ దుయెజ్ 13.8 కిలోమీటర్లు, సగటు 8 శాతం, 21 మలుపులు. ప్రతి మలుపు దగ్గరా సంఖ్య రాసిన పలక ఉంటుంది, 21 నుంచి ఒకటికి తగ్గుతూ వస్తుంది. అయితే మొదటి రెండు కిలోమీటర్లలోనే వాలు 10 శాతం ఉండటం వల్ల, అప్పటికే 2,642 మీటర్ల గాలిబియె కనుమ దాటి వచ్చిన కాళ్లు 21వ పలక చేరకముందే చేతులెత్తేస్తాయి. మీ దారిని కూడా కిలోమీటరుకు ఒక వాలు చొప్పున రాసుకుని, ఆ చీటీని హ్యాండిల్ గొట్టానికి అతికించుకోండి.

సమతలవాసి:
గేరు లెక్క గారికి, నిదానం గారికి కృతజ్ఞతలు. 11–34 క్యాసెట్ తెప్పిస్తున్నాను. చక్రాల ఆలోచన మానుకున్నాను. గంటకు 580 మీటర్ల చొప్పున 3,500 మీటర్లకు ఆరు గంటలు, దిగుళ్లకు గంటన్నర, చదును ముక్కలకు రెండు గంటలు, ఆగే సమయం ముప్పావు గంట అనుకుంటే పది గంటల పదిహేను నిమిషాలు వస్తోంది. కాబట్టి గడువు భయం కొంత తగ్గింది. ఇప్పుడు అసలు ప్రశ్న: కొండ లేనిచోట కొండకు ఎలా సాధన చేయాలి?

మూలగది ట్రైనర్:
నేనూ చదును నేల మనిషినే. కొండకు, చదునుకు ఉన్న తేడా వాలు ఒక్కటే కాదు. చదునులో కాళ్లకు తెలియకుండానే విరామం దొరుకుతుంది. మలుపు వస్తుంది, ముందువారి వెనక గాలి తప్పుతుంది, క్షణంపాటు పెడలు ఆపినా సైకిలు సాగుతుంది. ఎక్కుడులో పెడలు ఆపితే రెండు సెకన్లలో సైకిలు నిలిచిపోతుంది. కాబట్టి మనం అలవాటు చేసుకోవలసింది విరామం లేని ఒత్తిడిని.

దీనికి ఇంట్లో పెట్టే ట్రైనర్, అంటే సైకిలును బిగించి ఉన్నచోటే తొక్కే పరికరం, చక్కగా పనికివస్తుంది. వారానికి రెండుసార్లు, రెండు లేదా మూడు విడతలు, ఒక్కో విడత పదిహేను నుంచి ఇరవై నిమిషాలు, ఎఫ్‌టీపీలో 88 నుంచి 94 శాతం వరకు తొక్కండి. మీకు అది 176 నుంచి 188 వాట్లు. విడతల మధ్య ఐదు నిమిషాలు తేలికగా తిప్పండి. ముందు చక్రం కింద పది సెంటీమీటర్ల ఎత్తు పెడితే కొండ మీద కూర్చునే భంగిమ అలవాటవుతుంది, నడుముకు ముందే పరీక్ష జరుగుతుంది. బయట అయితే ఎదురుగాలే మన కొండ. గాలి ఎటు నుంచి వీస్తే అటు వెళ్లి, పెద్ద గేరులో కూర్చుని, అరగంట ఆపకుండా తొక్కండి.

మిగిలిన రోజులన్నీ నిజంగా తేలికగా ఉండాలి. ఓర్పు క్రీడల్లో ఆరితేరినవారి సాధన తీరును స్టీఫెన్ సైలర్ అనే పరిశోధకుడు పరిశీలించినప్పుడు, వారు దాదాపు 80 శాతం సాధనను తేలికపాటి తీవ్రతలోనే చేస్తున్నట్టు కనిపించింది. మనలాంటి ఔత్సాహికులు చేసే తప్పు సరిగ్గా ఇక్కడే ఉంది. తేలిక రోజున కొంచెం ఎక్కువ, కష్టమైన రోజున కొంచెం తక్కువ తొక్కి, రెండింటికీ న్యాయం చేయకుండా వారమంతా ఒకే మోస్తరు అలసటతో గడుపుతాము.

వారాంతపు దూరాన్ని నాలుగు గంటలతో మొదలుపెట్టి ఏడు గంటల దాకా పెంచండి. మూడు వారాలు పెంచాక ఒక వారం తగ్గించండి. నెలకోసారి శని, ఆదివారాలు రెండు రోజులూ వరుసగా పెద్ద దూరాలు తొక్కితే, అలసిన కాళ్లతో బయలుదేరడం ఎలా ఉంటుందో తెలుస్తుంది. చివరి రెండు వారాల్లో మొత్తం సాధనను సగానికి తగ్గించండి, కానీ కష్టమైన విడతలను పూర్తిగా మానకండి. వాటి సంఖ్య తగ్గాలి, తీవ్రత తగ్గకూడదు.

గేరు లెక్క:
పెద్ద గేరులో నెమ్మదిగా తొక్కే సాధన విషయంలో నాకు చిన్న అభ్యంతరం ఉంది. క్యాసెట్ మార్చింది మోకాలి మీద భారం తగ్గించడానికే కదా. సాధనలో అదే భారం మళ్లీ ఎందుకు పెట్టడం?

మూలగది ట్రైనర్:
మంచి ప్రశ్న. 11–34 వేసుకున్నా 8 శాతం వాలు మీద ఆయనకు వచ్చేది 57 చుట్లే అని మీరే లెక్క కట్టారు. చదునులో 90 చుట్లకు అలవాటైన కాలికి 57 కొత్తగా ఉంటుంది. కాబట్టి 55 నుంచి 60 చుట్లతో పది నిమిషాల విడతలు తప్పవు. మొదటి నెలలో మాత్రం వారానికి ఒక్క విడతే చేయాలి. మోకాలి చిప్ప ముందు భాగంలో నొప్పి మొదలైతే వెంటనే ఆపేయాలి.

నీళ్ల సీసా:
తిండి సంగతి ఎవరూ ఎత్తలేదు. 150 వాట్ల చొప్పున తొక్కితే గంటకు దాదాపు 550 కిలోకేలరీలు ఖర్చవుతాయి. కండరాల్లో, కాలేయంలో దాచి ఉన్న గ్లైకోజెన్ (పిండిపదార్థ నిల్వ) మొత్తం కలిపినా సుమారు 2,000 కిలోకేలరీలకు మించదు. కొవ్వు కొంత సాయం చేసినా, తినకుండా పది గంటలు సాగడం కుదరదు. గంటకు 60 గ్రాముల పిండిపదార్థం లక్ష్యంగా పెట్టుకోండి. పేగులు గ్లూకోజును గంటకు సుమారు 60 గ్రాముల వరకే తీసుకోగలవు. ఫ్రక్టోజు వేరే ద్వారం గుండా లోపలికి వెళుతుంది కాబట్టి, రెండూ 2:1 నిష్పత్తిలో కలిసిన పానీయంతో 90 గ్రాముల దాకా వెళ్లవచ్చు. అయితే కాళ్లకు ఇచ్చినట్టే కడుపుకూ సాధన ఇవ్వాలి. ప్రతి వారాంతపు పెద్ద దూరంలోనూ యాత్ర రోజున తినబోయేదే తినండి. ఆకలి వేశాక తింటే, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే. ఇరవై నిమిషాలకోసారి గడియారం మోగేలా పెట్టుకోండి. దిగుడులో రెండు చేతులూ బ్రేకుల మీదే ఉంటాయి, నిటారు ఎక్కుడులో ఊపిరే దొరకదు. కాబట్టి ఎక్కుడు మొదలుకాకముందే తినడం మేలు.

నీళ్ల విషయంలో అతి కూడా ప్రమాదమే. దాహం లేకున్నా సీసాల కొద్దీ ఉత్త నీళ్లు తాగితే రక్తంలో సోడియం పలచబడి తలనొప్పి, వాంతులు, తికమక మొదలవుతాయి. అది ప్రాణం మీదకు కూడా రావచ్చు. వేడి రోజున ఎక్కుడు మధ్యలో చెమట ఆగిపోయినట్టు, చలి వేస్తున్నట్టు అనిపిస్తే అక్కడే ఆగి నీడ చూసుకోండి. 1967 జులై 13న టూర్ ద ఫ్రాన్స్‌లో మోన్ వాంతూ కొండ ఎక్కుతూ బ్రిటిష్ సైకిల్ పందెగాడు టామ్ సింప్సన్ మరణించడానికి ఉత్ప్రేరక మందులు, మద్యంతో పాటు ఆనాటి ఎండ కూడా కారణమైంది. ఎంత ఎండలో ఎంత దూరం అన్న విచక్షణ పందెగాళ్లకే కాదు, మనకూ ఉండాలి.

దిగుడు దారి:
ఇప్పటిదాకా అందరూ పైకి ఎక్కించారు, కిందికి దింపేవారు లేరు. చదును నేల నుంచి వచ్చినవారికి నిజమైన గండం దిగుడులోనే ఉంటుంది, ఎందుకంటే దాన్ని ట్రైనర్ మీద నేర్చుకోలేము.

85 కిలోల బరువు 1,000 మీటర్లు దిగితే సుమారు 834 కిలోజౌళ్ల శక్తి విడుదలవుతుంది. రెండున్నర లీటర్ల నీటిని మరిగించడానికి అది చాలు. గాలి అందులో కొంత తీసుకుంటుంది. మిగిలినదంతా బ్రేకులు వేడిగా మార్చవలసిందే. భయపడి కొండ పొడుగునా బ్రేకులు సన్నగా పట్టి ఉంచేవారు గాలికి వదలవలసిన శక్తిని కూడా బ్రేకుల్లోకే పంపుతున్నారు. రిమ్ బ్రేకులు (చక్రపు అంచును పట్టేవి), ముఖ్యంగా కార్బన్ రిములు ఉన్నవారికి ఇది మరీ ప్రమాదం, టైరు పేలవచ్చు. తిన్నటి దారిలో వదిలేసి, మలుపుకు ముందు రెండు బ్రేకులూ గట్టిగా కొద్దిసేపు పట్టి, వేగం తగ్గాక వదిలి మలుపు తిరగాలి. బయటి వైపు పెడలు కిందికి ఉంచి బరువంతా దాని మీద వేయాలి. చూపు మలుపు ముగిసేచోట ఉండాలి; లోయ వైపు చూస్తే సైకిలూ అటే వెళుతుంది.

చలి కూడా ఇక్కడే కొడుతుంది. ఎత్తు 1,000 మీటర్లు పెరిగితే ఉష్ణోగ్రత సుమారు 6.5 డిగ్రీలు తగ్గుతుంది. చెమటతో తడిసిన చొక్కా మీద గంటకు 50 కిలోమీటర్ల గాలి తగిలితే వేళ్లు బ్రేకు లీవరును పట్టుకోలేవు. పిడికిట్లో ఇమిడే గాలి చొరని జాకెట్టు ఒకటి వెనక జేబులో ఉంచుకుని, శిఖరం మీద ఆగి వేసుకోండి. యాత్రకు ముందు కనీసం రెండు వారాంతాలు ఎక్కడికైనా వెళ్లి నిజమైన కొండ దిగి రండి. నా దృష్టిలో ఆ రెండు ప్రయాణాలు ఇరవై ట్రైనర్ విడతల కంటే విలువైనవి.

సమతలవాసి:
నాలుగు నెలల తరువాత మళ్లీ రాస్తున్నాను. మూలగది ట్రైనర్ గారు చెప్పిన విడతలు వారానికి రెండు చొప్పున చేశాను. ఎఫ్‌టీపీ 214కు వచ్చింది. గత వారాంతంలో 1,100 మీటర్ల కొండ ఒకదాన్ని రోజులో రెండుసార్లు ఎక్కాను. మొదటిసారి నిదానం గారి మాట ప్రకారం 150 వాట్ల దగ్గరే ఉన్నాను. ఒక పెద్దాయన బుట్ట ఉన్న సైకిలు మీద నన్ను దాటి వెళ్లారు. నవ్వొచ్చింది గాని వెంటపడలేదు. రెండోసారి ఎక్కడానికి మూడు నిమిషాలే ఎక్కువ పట్టింది. దిగుడులో మాత్రం మొదటి నాలుగు మలుపుల దాకా పళ్లు బిగపట్టే ఉన్నాను, ఐదో మలుపు నుంచి బ్రేకులు వదలడం వచ్చింది.

ఒక చిక్కు మిగిలింది. క్యాసెట్ మార్చాక వెనక 34 పళ్ల మీదకు వెళ్లినప్పుడు డెరైలర్ (చైనును ఒక గేరు నుంచి మరో గేరుకు జరిపే భాగం)లోని పై చిన్న చక్రం క్యాసెట్‌కు రాసుకుంటూ గరగరమంటోంది. పొరపాటున ముందు పెద్ద చక్రం, వెనక పెద్ద చక్రం కలిస్తే డెరైలర్ పూర్తిగా ముందుకు సాగిపోయి చైను తీగలా బిగుసుకుంటోంది.

గ్రీజు చేతులు:
అలా తొక్కకండి, ఆ స్థితిలో ఇంకొంచెం బలం పడితే డెరైలర్ గాని, దాన్ని పట్టి ఉంచే హ్యాంగర్ గాని విరుగుతుంది. రెండూ వేర్వేరు సమస్యలు. గరగర శబ్దానికి కారణం పై చక్రానికీ క్యాసెట్‌కూ మధ్య ఎడం చాలకపోవడం. డెరైలర్ వెనక ఉన్న బీ స్క్రూను పావు చుట్టు చొప్పున బిగిస్తూ, 34 మీద చక్రం స్వేచ్ఛగా తిరిగే వరకు చూడండి. బిగుసుకోవడానికి కారణం పాత చైను పొడవు. 28 పళ్లకు కోసిన చైను 34కు చాలదు.

అయితే చైను పెంచేముందు డెరైలర్ ఎంత వదులు లాగగలదో చూసుకోండి. ముందు తేడా 50 నుంచి 34కు 16 పళ్లు, వెనక తేడా 34 నుంచి 11కు 23, మొత్తం 39. పొట్టి కేజ్ (చైను వదులును లాగి పట్టే చట్రం) ఉన్న డెరైలర్ అయితే ఇంత తేడాను లాగలేదు, పొడవు కేజ్ ఉన్నది వేయవలసి ఉంటుంది. మీది ఏ రకం?

సమతలవాసి:
పొడవు కేజ్‌దే, 39 పళ్లకు సరిపోతుందని తయారీదారు పత్రంలో ఉంది. ఈ రోజు కొత్త చైను వేసి, రెండు పెద్ద చక్రాల మీద కొలిచి కోశాను. బీ స్క్రూ ఒక చుట్టు ముప్పావు తిరిగాక శబ్దం పోయింది. రెండు చిన్న చక్రాల మీద కూడా చైను వేలాడటం లేదు. కొత్త చైను కుదురుకోవడానికి యాత్రకు ముందు ఎన్ని కిలోమీటర్లు తొక్కాలి?

గ్రీజు చేతులు:
రెండు మూడు వందల కిలోమీటర్లు చాలు. పాత చైను అరిగి ఉంటే ముందు చైన్‌రింగుల పళ్లు కూడా అరిగి ఉండవచ్చు; 34 పళ్ల చైన్‌రింగ్ మీద గట్టిగా తొక్కి, చైను జారడం లేదని ఏదైనా ఎక్కుడు మీద ఒకసారి నిర్ధారించుకోండి. పాత చైను నుంచి తీసిన, చైను రెండు కొసలను కలిపే లింకు మాత్రం వాడకండి. కొత్తది ఒకటి వేసుకుని, మరొకటి పనిముట్ల సంచిలో పెట్టుకోండి.